గంధాలమ్మకు వాసన చూసిన ఆకే ఎందుకు?

శ్రీ గంధాలమ్మ అమ్మవారు కొలువైన ఇసుకదిబ్బలు సీమలో, వాన దారి మరిచిపోయిన ఒక మూల ఉన్నాయి. బస్సు దిగిన భక్తులు అక్కడినుంచి కాలినడకనే రావాలి. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంది కనుక దేవస్థానంవారు దారి పొడవునా నిమ్మగడ్డి పరిపిస్తారు. దానిమీద అడుగు పడగానే కమ్మని వాసన లేచి సగం అలసట తీరిపోతుంది. మిగతా సగం గుడి దగ్గర ఇచ్చే సుగంధిపాల వేరు పానకంతో తీరుతుంది.

గుడి చిన్నది. గర్భగుడిలోని అమ్మవారికి కళ్ళు లేవు, చెవులు లేవు, నోరు కూడా లేదు. నున్నటి రాతిముఖం మీద ముక్కు ఒక్కటే ఉంది, దానికొక ముక్కెర ఉంది. ఇక్కడ అగరుబత్తి వెలిగించరు. ప్రతి భక్తుడి చేతిలో గుప్పెడు వావిలాకు పెట్టి, "నలిపి, వాసన చూసి అమ్మకివ్వండి" అంటారు అర్చకులు. ఆ మాటకు కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదని పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ళం కదా! పెద్దల్లోనైతే చెంపలు వేసుకుని వెనక్కి తిరిగినవాళ్ళూ ఉన్నారు. వారి సందేహం తీర్చడానికే ఈ కథ.

పూర్వం ఇక్కడ కురుబ గొర్రెలకాపరులు గుడిసెలు వేసుకుని ఉండేవారు. గాలికాలం వచ్చిందంటే ఇసుక లేచి కంట్లో, కంచంలో, ముక్కులో పడేది. దగ్గు వినిపించని గుడిసె ఉండేది కాదు. ఒకనాడు ఒక కాపరి దగ్గుతో నడవలేక దిబ్బమీది వావిలిపొద కింద కూలబడ్డాడు. ఆ ఆకుల గాలి పీల్చి లేచేసరికి గుండె తేలికపడింది. తలకింద పెట్టుకున్న రాయి అమ్మవారని అప్పుడే తెలిసింది. వెంటనే ఊరంతా కలిసి కట్టడి చేసుకున్నారు. ఆ పొద అమ్మది, పూజారి తప్ప ఎవరూ తుంచకూడదు, పూజారి అయినా వాసన చూడకూడదు అని. మందు దొరికిన మరునాడే దానికి తాళం వేసుకున్నారన్నమాట. భక్తి ముదిరితే ఇలాగే ఉంటుంది.

కొన్ని తరాలకు పూజారితనం చిక్కీరప్ప చేతికి వచ్చింది. నియమమంటే ఆయనకు ప్రాణం. ఆకు కోసి పూజ ముగించేదాకా ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు. తాత చూపించిన చోటనే, గుడివెనక బండల నడుమ, ముఖం పక్కకు తిప్పుకుని కోసేవాడు. అయితే ఇసుకదిబ్బకు కాళ్ళుంటాయి. ఏటేటా గాలికి కొంచెం కొంచెం జరిగి ఆ దిబ్బ వావిలిపొదను పూడ్చేసి ముందుకు సాగిపోయింది. ఆ పొద గింజ ఎక్కడో అవతల పడి మొలిచింది. బండల నడుమ వాసనలేని వెంపలి మొక్క పెరిగింది. చిక్కీరప్ప దాన్నే కోశాడు, దాన్నే పూజలో పెట్టాడు, దాన్నే ప్రసాదంగా పంచాడు.

ప్రసాదానికి వాసన లేదేమని జనం అడగకపోలేదు. "వాసనంతా అమ్మే పీల్చుకుంటుంది, మనకు మిగిలేది ఆకు" అని పెద్దలు చెప్పారు. ఆ మాట అందరికీ నచ్చింది. ఊరంతా వెంపలాకును కళ్ళకద్దుకుని చెవిలో పెట్టుకునేది, దగ్గుతూనే.

చిక్కీరప్ప భార్య ముద్దక్కకు ఉబ్బసం. ఒక ఏడాది గాలి మరీ ఉధృతంగా వీచింది. ఆమె పడుకోలేక, కూర్చోలేక గుడిసె నిట్రాటకు ఆనుకుని ఊపిరికోసం పెనుగులాడేది. అంత బాధలోనూ ఆమె నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమయ్యా, ఇన్నేండ్లనుంచి ఆయమ్మకు మొక్కుతాండావు కదా, నాకు రవ్వంత ఊపిరి అడగరాదా?"

"రోజూ అడుగుతానే ఉండానే."

"అడిగేటప్పుడన్నా ముక్కుగుడ్డ తియ్యి. నువ్వేం గొణుగుతాండావో ఆయమ్మకు తెలియాల కదా!"

చిక్కీరప్ప నవ్వాడు. నవ్వుతూనే బయటికి వెళ్ళి గొర్రెలదొడ్డి చాటున ఏడ్చాడు. ముద్దక్క మాట వినిపించని గుడిసెను ఆయన ఊహించుకోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం గుడి మెట్టుమీద ఆయనకు కునుకు పట్టింది. కలలో కంబళి కప్పుకున్న ఒక అవ్వ, జలుబు చేసినట్టు ముక్కు ఎగబీలుస్తూ ఎదుట నిలిచింది.

"ఏమప్పా చిక్కీరా, మీ ఇంట్లో పులుసు దించేటప్పుడు వాసన చూస్తారా, ముక్కు మూసుకుంటారా?"

"చూసే దించుతారు తల్లీ."

"మరి నేనేం పాపం చేస్తి? మీ తాత పోయినప్పటినుంచి గడ్డి తెచ్చి పెడతాండావు. నా ముక్కు ఇసుకతో పూడిపాయ. వాసన చూసి, మంచి ఆకు తీసుకొని రా పో!"

ఉలిక్కిపడి లేచాడు. ఇది అమ్మ మాటా, భార్య బతకాలన్న ఆశ ఆడించిన ఆటా? కట్టడి తప్పితే అమ్మ ఆగ్రహం ముందుగా ముద్దక్కకే తగులుతుందేమో! అలా తల పట్టుకుని కూర్చున్నవాడికి గుడిసెలోనుంచి ఈలవేస్తున్నట్టున్న ఆమె ఊపిరి వినిపించింది. ముక్కుగుడ్డ విప్పి అవతల పారేశాడు.

ముందు బండల నడుమ వెంపలికి ముక్కు ఆనించాడు. ఎంతసేపు పీల్చినా ఏమీ లేదు. ఇన్నేళ్ళ పూజ తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. తరువాత కనిపించిన ప్రతి మొక్కనూ వాసన చూస్తూ పాకాడు. ముళ్ళు గుచ్చుకుని ముక్కు ఎర్రబడింది. మేతకొచ్చిన గొర్రెలు తమకు పోటీ వచ్చాడేమోనని ఆయనవంకే చూశాయి. దిబ్బ దిగి అవతలివైపుకు చేరగానే ఒక ఘాటైన గాలి వచ్చి ముఖాన కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గుండె నిండా ఊపిరి ఆడింది. అక్కడ లేతగా చిగిర్చిన వావిలి ఉంది. కోస్తే గుప్పెడు ఆకు వచ్చింది, అంతే.

పరుగున వచ్చేసరికి ముద్దక్కను ఇరుగుపొరుగువారు గుడి గడపలోకి మోసుకొచ్చి ఉన్నారు. పెదవులు నల్లబడ్డాయి. మాట లేదు. "ముందు అమ్మకు పెట్టప్పా!" అని అందరూ ఒక్కసారిగా అరిచారు. చిక్కీరప్ప గర్భగుడిని చూశాడు, భార్యను చూశాడు. గుప్పెడు ఆకు ఇద్దరికి చాలదు.

"అమ్మ రాయి, ఓర్చుకుంటాది. ఇది మనిషి" అన్నాడు.

నైవేద్యానికి కాగుతున్న నీళ్ళలో ఆకు నలిపి వేసి, కుండను ఆమె ముందు పెట్టి, తామిద్దరిమీదా కలిపి కంబళి కప్పాడు. బయట జనం ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి కంబళిలోనుంచి ఒక తుమ్ము వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి. తరువాత ముద్దక్క గొంతు వచ్చింది.

"నీ మొగం మండ! ఇంత మంచి ఆకు పెట్టుకోని, ఇన్నేండ్లూ గడ్డి పెడితివా నా చెవిలో!"

చిక్కీరప్ప తిట్టించుకుంటూ పసిపిల్లవాడిలా ఏడ్చాడు. అంతలో గర్భగుడిలో గంటలు కదిలేంత తుమ్ము వినిపించింది. అమ్మకు కోపం వచ్చిందని జనం నేలమీద పడ్డారు. తలెత్తి చూస్తే రాతిమీద గడ్డకట్టిన ఇసుక రాలిపోయి, చక్కని ముక్కు బయటపడి ఉంది. చిక్కీరప్ప కుండలోని ఉడికిన ఆకునే తీసి అమ్మ ఎదుట పెట్టాడు. ముద్దక్క తన ముక్కెర తీసి అమ్మకు పెట్టింది.

ఆనాటినుంచి కట్టడి మారింది. ఆకు ఎవరైనా తుంచవచ్చు, కానీ వాసన చూసే అమ్మకు పెట్టాలి అని. ఇప్పుడు ప్రతి వాకిట్లో వావిలి ఉంది. జలుబు చేస్తే దాని ఆవిరి పడతారు, తలనొప్పికి ఆ ఆకు దిండులో కూరి పడుకుంటారు, దగ్గుకు అడవితులసి కషాయం తాగుతారు. ఉబ్బసం ఉన్నవారు డాక్టరు ఇచ్చిన మందు మానేసి రావద్దని అర్చకులే హెచ్చరిస్తారు, సంచిలో ఉందో లేదో అడిగి మరీ చూస్తారు. గాలికాలం జాతరలో దంపతులు ఒకే కంబళి కింద ఆవిరి పట్టడం మొక్కుబడి. అలా చేసినవారు ఏడాది పొడవునా గుండెనిండా ఊపిరితో, పుష్కలంగా తిట్టుకుంటూ, చల్లగా ఉంటారని నమ్మకం.

ఇంకొక్క మాట. ఇక్కడ హారతి మధ్యలో వరుసలో ఎవరైనా దగ్గితే అర్చకులు పళ్ళెం కింద పెట్టి, మొదటి గుప్పెడు ఆకు వారికే ఇచ్చి వస్తారు. అంతవరకూ అమ్మ ఆగుతుంది. కాబట్టి దర్శనానికి వచ్చినవారు మొహమాటపడి దగ్గు అణచుకోకండి. గట్టిగానే దగ్గండి, అమ్మ మొదట మిమ్మల్నే చూసుకుంటుంది.