ఉప్పు చేతికివ్వని ఇల్లు

మా గురువుగారు కేశవయ్య గారికి వాదన గిట్టదు. ఎవరేది అడిగినా, కాసేపు ఉత్తరీయం సర్దుకుని, ఎప్పుడో జరిగిన సంగతొకటి చెప్పేవారు. ఇప్పుడు ఆయనా లేరు, ఆయన కూర్చుని పాఠం చెప్పిన ఆ అరుగూ లేదు. తలచుకుంటే మాత్రం నా ప్రాణం ఇప్పటికీ అటే లాగుతుంది.

ఒకనాడు సోమసుందరం అనే శిష్యుడు, వయసు వేడి మీద అడిగాడు. "ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయంటారు. ఇలాంటివి అసలు ఏ తెలివితక్కువవాడు పుట్టించాడండీ?"

"మిగతా ఊళ్ళ సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం మా నాయనమ్మ పుట్టించింది," అన్నారు గురువుగారు.

అప్పటికి గురువుగారి అమ్మ కాపురానికి వచ్చిన కొత్త. పుట్టింట రోకలి ఎరగని పిల్ల. అత్తవారింట వడ్లు దంచీ దంచీ అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. మామగారిది దురుసు నోరు. "పని చేతకాని పిల్లని అంటగట్టారు. ఇంకొక్క వంక కనబడితే బండి కట్టించి పుట్టింట దింపేస్తా" అని అప్పటికే అనేశాడు. అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఆ పిల్ల చేతులు కొంగుచాటున దాచుకు తిరిగేది.

ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఆయన ఉప్పుకి చెయ్యి చాపాడు. ఆమె జాడీలోంచి తడి కల్లుప్పు గుప్పిట పట్టింది. మంటకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. గుప్పిట విప్పితే పుళ్ళు బయటపడతాయి. విప్పకపోతే పొగరంటాడు.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు చూసింది.

"ఆగవే అమ్మాయ్! ఉప్పు చేతికివ్వకూడదు, తగవులొస్తాయి. గుప్పిట తిరగేసి విస్తరి కొసన వెయ్యి."

"ఇదెప్పటి ఆచారమే?" అన్నాడాయన.

"మా పుట్టింటిది. నా మాట ఎప్పుడు చెవిని పెట్టారు గనక, తెలియడానికి?"

తగవులకు జంకే మనిషి కాడు గానీ, ఆచారమంటే ఆయనకు హడలు. నాటి నుంచి ఉప్పు చేత్తో అందుకోలేదు సరిగదా, ఊరంతా ఆయనే చాటాడు. కోడలి చేతులు మానేదాకా, ఆయన పొలానికి వెళ్ళిన వేళ చూసి, రోకలి అత్తగారే పట్టింది.

సోమసుందరం ఊరుకోలేదు. "అయితే అది పచ్చి అబద్ధమే కదండీ!"

గురువుగారు నవ్వారు గానీ, కళ్ళు చెమర్చాయి.

"అబద్ధమే నాయనా. ఆవిడ అది ఆడకపోయి ఉంటే, నీకీ గురువెక్కణ్ణుంచి వచ్చేవాడు?"