కొండ ఎప్పుడూ అక్కా అనలేదు

నేను ఎవరినీ దారి అడగను. గర్వం కాదండీ, ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనే మంచితనం. ఆ మంచితనం వల్లే మా పక్క వీధిలో రెండుసార్లు తప్పిపోయాను. కాబట్టి దారుల గురించి చెప్పే అర్హత నాకుంది.

ఎర్రకొండ చుట్టూ ఏడు రోజుల నడక. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క అంతులేని ఇసుక. బయల్దేరిన ఊట దగ్గరికే మళ్లీ చేరాలి. దుమ్ము లేచి దారి కనపడకపోతే నిలబడి పేరు కేకెయ్యాలి. కొండ ఆ పేరు తిరిగిస్తే దారిలో ఉన్నట్టు. ఇవ్వకపోతే ఇసుకలోకి పోతున్నట్టు.

ముసలి గాడిద బోడెమ్మ, నక్క రంగదాసు కలిసి బయల్దేరారు. నీళ్ల తిత్తి బోడెమ్మ వీపు మీద. అయిదో రోజుకి అందులో ఒక్కరికి సరిపడా నీళ్లే మిగిలాయి.

"మోయలేకపోతే చెప్పక్కా," అన్నాడు నక్క.

"చెబితే నువ్వు మోస్తావా?"

"లేదు, జాలి పడతాను."

మధ్యాహ్నం దుమ్ము లేచింది. నక్క చడీచప్పుడు లేకుండా ఇసుకలోకి జారుకున్నాడు. గాడిద మెత్తటి ఇసుకలో కడుపుదాకా దిగబడితే తిత్తి విప్పుకుపోవచ్చని వాడి ఎత్తు.

"నేను బోడెమ్మనూ!" అని కేకేసింది గాడిద.

"బోడెమ్మక్కా, ఇటు రా!" అని ఇసుక వైపు నుంచి జవాబొచ్చింది.

బోడెమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. 'నలభై చుట్లు తిరిగాను. ఈ కొండ నన్ను ఒక్కసారీ అక్కా అనలేదే' అనుకుని, నోరు మూసుకుని నిలబడిపోయింది.

చూసి చూసి నక్కకి నాలుక పిడచకట్టుకుపోయింది. తిరిగొద్దామంటే ఎటు చూసినా దుమ్మే.

"నేను రంగదాసునూ!"

కొండ పలకలేదు. కాసేపటికి ఇసుక లోపలి నుంచి ఓ గొంతు, అచ్చం రంగదాసు గొంతే, మెత్తగా పలికింది. "రంగదాసు గారూ, ఇటు దయచేయండి. నీళ్లున్నాయి."

తను వేసిన ఎత్తే అది. వాడికి తెలియదా? తెలుసు. కానీ పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి ఎవరూ గారూ అనలేదు.

"ఎవరండీ అక్కడ?"

"తమరే కదండీ."

"తమ్ముడూ, వెళ్లకురా!" అని బోడెమ్మ అరిచింది.

"వస్తున్నానండీ" అన్న రంగదాసు మాట దూరమై, ఇంకా దూరమై, ఆగిపోయింది.

దుమ్ము అణిగాక చూస్తే, నక్క అడుగులు చదునైన ఇసుక మీద కొంతదూరం పోయి ఆగాయి. గొయ్యి లేదు. తిరిగొచ్చిన అడుగులూ లేవు.

దారి ఇసుకలో పూడిపోయి ఉంది. బోడెమ్మ గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ పేరు కేకేసింది. "మ్మనూ" అంది కొండ, ముక్తసరిగా. ఏ మర్యాదా లేని ఆ గొంతే పట్టుకుని రెండు రోజులకి ఊట చేరింది.

నీతి: మర్యాదగా పిలిచే గొంతు వెనక ఎవరున్నారో చూశాకే అడుగు వెయ్యాలి.

ఇంత చెప్పిన నేను, వీధిలో ఎవరైనా "గారూ" అంటే ఎవరని చూడకుండానే అటు నడుస్తాను. ఆగడం నాకింకా రాలేదు.