మూకీకి క్లారినెట్

అలేఖ్యకు సినిమా పిచ్చి. కొత్త సినిమా వస్తే మొదటి ఆట చూడాల్సిందే, అదీ సౌండు బాగున్న హాల్లోనే. హీరో ఎవరన్నది ఆమెకు పెద్దగా పట్టదు. చివర్లో అందరూ లేచి వెళ్లిపోతున్నా, సౌండు ఎవరు చేశారో ఆ పేరు పడేదాకా సీట్లోంచి కదలదు. ఎప్పటికైనా హైదరాబాద్ వెళ్లి సినిమాలకు నేపథ్య సంగీతం చేయాలని కోరిక. అందుకే పగలు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు మీరా సాహెబ్ గారి దగ్గర క్లారినెట్ నేర్చుకుంటోంది.

మీరా సాహెబ్ గారిది నరసరావుపేట. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో మగవాళ్లందరూ నాదస్వరం వాయించినవాళ్లే. ఈయన మాత్రం చిన్నప్పుడే క్లారినెట్ పట్టారు. పెళ్లిళ్లూ, గుడి ఉత్సవాలూ, ఉరుసులూ... పల్నాట ఆయన వాయించని పందిరి లేదు. పాఠం చెప్పేటప్పుడు ఎక్కువ మాట్లాడరు. శిష్యులు తప్పు వాయిస్తే చేతిలో టీ గ్లాసు కింద పెడతారు. బాగా వాయిస్తే తాగుతారు. వాళ్లకు అది చాలు.

ఆ ఊళ్లోనే ఒక ఫిలిం క్లబ్బు ఉంది. రిటైరైన లెక్చరర్ సదాశివం గారు దాన్ని నడుపుతున్నారు. పాత సినిమాలంటే ఆయనకు ప్రాణం. లైబ్రరీ మేడమీది హాల్లో నెలకో సినిమా వేస్తారు. రానురాను జనం తగ్గిపోయి, ఆయన, ఆయన స్నేహితులు కొందరు, పైన తిరిగే ఫ్యాన్లు మిగిలారు.

ఒకరోజు ఆయన, క్లారినెట్ నేర్చుకుంటోందని విని, అలేఖ్యను పిలిచి, "అమ్మాయ్, ఈసారి మూకీ వేద్దామనుకుంటున్నాను. విదేశీ సినిమా. ఆ రోజుల్లో వీటికి హాల్లోనే కూర్చుని సంగీతం వాయించేవాళ్లు. నువ్వు వాయిస్తావా?" అన్నారు.

సినిమా ఏమిటో కూడా అడక్కుండా ఒప్పేసుకుంది.

"చూడు మరి," అన్నారాయన నసుగుతూ. "ఈసారీ జనం రాకపోయినా, వచ్చినవాళ్లు మధ్యలో లేచిపోయినా, ఇక క్లబ్బు ఎత్తేద్దామనుకుంటున్నాను."

"ఎవరూ లేవరు మాస్టారూ. నాదీ పూచీ," అంది అలేఖ్య.

ఆ సినిమాను ఇంటికి తెచ్చుకుని ఫోన్లో పెట్టింది. నలుపూ తెలుపూ. మాటల్లేవు. ఒక బేకరీ కుర్రాడు నెత్తిమీద ఇంతెత్తు పెళ్లి కేకు పెట్టుకుని ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తాడు. కథంతా అదే. అన్నం తింటూ కొంత చూసింది. మిగతాది వేలితో ముందుకు జరిపేసింది.

'పాపం, వీళ్లకి సౌండు లేదు,' అనుకుంది. 'నేనిస్తాను.'

వారం రోజులు లాప్‌టాప్ ముందు కూర్చుంది. కుర్రాడు అడుగేస్తే ధడ్. తలుపు తెరిస్తే కిర్రు. కుక్క కనపడితే మొరుగు, వానొస్తే ఉరుములు. ఏ సెకనులో ఏ చప్పుడు రావాలో అన్నీ వరసగా పేర్చింది. వాటి మీద, తను చూడకుండా జరిపేసిన చోట్ల కూడా, క్లారినెట్. ఎక్కడా ఖాళీ లేదు.

అసలు ప్రదర్శనకు ముందు క్లబ్బు సభ్యుల కోసం ఒకసారి వేసి చూశారు. అలేఖ్య చెమటలు పట్టేలా వాయించింది. అయిపోయాక దీపాలు వెలిగించారు. ఒకాయన చెవి రుద్దుకుంటూ, "బాగా వాయించావమ్మా. సినిమాయే సరిగ్గా చూడలేకపోయాం," అన్నాడు.

సదాశివం గారు నవ్వడానికి ప్రయత్నించారు గానీ కుదరలేదు.

ఆ సాయంత్రం అలేఖ్య క్లారినెట్ పెట్టె కూడా విప్పకుండా గురువుగారి ముందు కూర్చుంది.

"ఏమ్మా, నోరు కట్టేసుకున్నావు?" అన్నారు మీరా సాహెబ్ గారు.

"ఆ సినిమాలో ఏమీ లేదు గురువుగారూ. వట్టి మూగది. ఎంత పోసినా నిండట్లేదు."

"చూశావా?"

"చూశాను. కొన్నిచోట్ల ముందుకు జరిపేశాననుకోండి..."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"ఇంకొంచెం సౌండు పెంచితే నిలబడుతుందేమో," అంది అలేఖ్య. "నా స్నేహితులంతా వస్తున్నారు. మాస్టారికి మాటిచ్చాను. మీరే ఏదో ఒకటి చెప్పాలి."

"చెప్పడానికేముంది? ఆదివారం ఆటకు నేనూ వస్తాను."

ఆమె మొహం వెలిగిపోయింది. "మీరూ వాయిస్తారా?"

"నేనెందుకు వాయిస్తాను? సినిమాకొస్తానంటున్నాను."

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ మేడ మెట్ల మీద చెప్పులు నిండిపోయాయి. కిటికీలకు దుప్పట్లు కట్టి హాలును చీకటి చేశారు. అలేఖ్య స్నేహితులు వెనక వరసంతా ఆక్రమించి అప్పుడే ఈలలు మొదలుపెట్టారు. చంకలో పిల్లలతో తల్లులు వచ్చారు. హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని ఎవరో కూర్చున్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ ఆయాసం తీర్చుకుంటోంది. సినిమా అంటే పక్కింటావిడ వెంట వచ్చేసింది. మాటలుండవని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

తెర పక్కన ఒక స్టూలు. దాని ముందు బల్ల మీద లాప్‌టాప్. అటూ ఇటూ రెండు స్పీకర్లు. మీరా సాహెబ్ గారు వచ్చి అలేఖ్యకు దగ్గర్లో, గోడవారగా కూర్చున్నారు.

సినిమా మొదలైంది. కుర్రాడు బేకరీ తలుపు తెరిచాడు. కిర్రు. అడుగేశాడు. ధడ్. వెనక వరసలో కేకలు. చంకలో పిల్లలు ఏడుపందుకున్నారు. ముందు వరసలో ముసలావిడ కొంగుతో చెవులు మూసుకుంది. అలేఖ్య అదేమీ చూడలేదు. ఆమె కళ్లు లాప్‌టాప్ మూలన పరుగెత్తుతున్న అంకెల మీదే ఉన్నాయి. ఒక్క అంకె తప్పినా ఉరుము కుక్క మీద పడుతుంది.

మీరా సాహెబ్ గారు లేచారు. నెమ్మదిగా వచ్చి లాప్‌టాప్ మూత మూసేశారు.

హాల్లో చప్పుడంతా ఆగిపోయింది. తెర మీద బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది.

"గురువుగారూ!"

ఆయన ఆమెను భుజం పట్టుకుని లేపి, స్టూలు వెనక్కి తిప్పి మళ్లీ కూర్చోబెట్టారు. ఇప్పుడు తెర ఆమె వీపు వెనక ఉంది. ఎదురుగా జనం.

"వాయించు," అన్నారు.

"ఏం వాయించను? తెర కనపడట్లేదు!" గుసగుసగా అంది.

"వాళ్లు కనపడుతున్నారా?"

"ఆ..."

"మరింకేం."

వెళ్లి గోడవారగా తన చోట కూర్చున్నారు.

అలేఖ్య క్లారినెట్ పెదవులకు ఆనించింది. అందరూ తననే చూస్తున్నారనుకుంది. కొంచెంసేపు తల ఎత్తలేకపోయింది. ఎత్తి చూస్తే ఒక్కరూ ఆమెను చూడటం లేదు. అందరి కళ్లూ ఆమె తల మీదుగా తెర మీదికి పోతున్నాయి. తెర వెలుగు వాళ్ల మొహాల మీద పడి, తెల్లబడుతూ నల్లబడుతూ ఉంది.

హెల్మెట్టు ఆయన పెదవి చివర చిన్న నవ్వు మొదలైంది. ఆ నవ్వెంత ఉందో అంతే వాయించింది. నవ్వు పెద్దదైంది. ఆమె కూడా కొంచెం పెంచింది. ఒకావిడ "అయ్యో, కుక్క!" అంది. ఆహా, కుక్క వచ్చిందన్నమాట. క్లారినెట్‌తో చిన్నగా తోక ఊపింది. చంకలో పిల్లలు ఏడుపు మాని కిలకిలమన్నారు.

తర్వాత ఏం జరుగుతోందో ఆమెకు తెలియలేదు. తెలియాల్సిన పనీ కనపడలేదు. మొహాలు దిగులుపడితే కింది స్వరంలోకి దిగింది. కనుబొమలు పైకి లేస్తే తనూ లేచింది. వెనక వరసలో ఈలలు ఎప్పుడు ఆగాయో గమనించలేదు. అక్కడ ఒకడు ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టేశాడు.

కాసేపటికి ఒక చిత్రం జరిగింది. హాల్లో అందరి మెడలూ ఒకేసారి కుడిపక్కకు వంగాయి. కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా ఎడమపక్కకు వంగాయి. ముసలావిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఎవరూ ఊపిరి పీలుస్తున్నట్టు లేదు.

ఏదో స్వరం ఎత్తుకోబోయిన అలేఖ్య, ఆ మొహాల్ని చూసి క్లారినెట్ పెదవుల మీద నుంచి తీసేసింది.

పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

"కాలు చూసుకోరా నాయనా!" అని ముసలావిడ ఉన్నట్టుండి తెరకేసి అరిచింది.

హాలంతా గొల్లుమంది. అదే ఊపులో అందరి మెడలూ తిన్నగా అయ్యాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. మళ్లీ వాయించడం మొదలుపెట్టేసరికి అలేఖ్యకూ నవ్వొస్తోంది. ఆ నవ్వు ఊదే గాలిలో కలిసి స్వరం కాస్త వంకర పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

చివర్లో మొహాలన్నీ మెత్తబడ్డాయి. ముసలావిడ దవడలు మెల్లగా కదులుతున్నాయి, తనూ ఏదో నములుతున్నట్టు. అలేఖ్య మోహన రాగంలో, నేర్చుకున్న కొత్తలో వాయించిన సాదా స్వరాలు నాలుగు అందుకుని, అవి కూడా సగంలోనే ఆపేసింది. దీపాలు వెలిగాయి.

ఒక్కరూ మధ్యలో లేవలేదు. అయిపోయాక కూడా లేవలేదు. కుర్చీల్లోంచే వెనక్కీ పక్కకీ తిరిగి ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారు. ముసలావిడ సదాశివం గారి చెయ్యి పట్టుకుని, "ఆ కేకు పిల్లాడు ఇంకా వేరే సినిమాలు చేశాడా బాబూ?" అని అడుగుతోంది.

"చేశాడమ్మా. వచ్చే నెల వేద్దాం," అంటున్నారాయన. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నారు.

స్నేహితులు అలేఖ్యను చుట్టేశారు.

"ఒసేయ్, కాలవ మీద చెక్క పలక దాటేటప్పుడు వాడు కేకును అలా తిప్పాడు చూశావా? చచ్చిపోయామే నవ్వలేక!"

"పలకా? ఏ పలక?"

"అదేమిటి, నువ్వు చూడలేదా?"

"లేదే. నేను మీవైపు తిరిగి ఉన్నానుగా."

"అయ్యో," అన్నాడు వాళ్లలో ఒకడు నిజంగా జాలిపడుతూ. "చూడాల్సింది అదే."

జనమంతా మెట్లు దిగిపోయాక అలేఖ్య సదాశివం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కిటికీకి కట్టిన దుప్పటి విప్పబోతున్నారు.

"విప్పకండి మాస్టారూ. ఇంకొక్కసారి వేస్తారా?"

"ఎవరికి?"

"నాకు."

ఆయన దుప్పటి వదిలేసి ప్రొజెక్టరు దగ్గరికి వెళ్లారు.

అలేఖ్య క్లారినెట్ విడదీసి, తుడిచి, పెట్టెలో సర్దింది. ముసలావిడ కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. మీరా సాహెబ్ గారు వచ్చి పక్క కుర్చీలో చేరారు.

బేకరీ తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కుర్రాడు బయటికొచ్చాడు. నెత్తి మీద కేకు, కేకు పైన పంచదారతో చేసిన పువ్వు. వాడి నడక చూస్తే తెలుస్తోంది, ఆ కేకు ఎంత బరువో, వాడికి అదంటే ఎంత గర్వమో. పిల్లలు వెనకపడి వేలితో కొంచెం కొంచెం నాకేస్తున్నారు. వాడికి తెలియదు. కుక్క వచ్చింది. అది మొరగలేదు. మర్యాదగా ఎదురుగా కూర్చుని కేకు వైపు చూసింది. వాడు కుక్క వైపు చూశాడు. ఇద్దరూ చాలాసేపు ఆలోచించుకున్నారు. అలేఖ్యకు కళ్లమ్మట నీళ్లు వచ్చేంత నవ్వొచ్చింది. అక్కడే కదా తను ఉరుములాంటి మొరుగు పెట్టింది.

వాన కురిసింది. వాడు టోపీ తీసి కేకు మీద పెట్టి తను తడిసిపోయాడు. ఆ తడిసిన మొహాన్ని ఫోన్లో చూసినప్పుడు ఆమె అన్నంలో పెరుగు కలుపుకుంటోంది.

అప్పుడు కాలవ వచ్చింది. కాలవ మీద సన్నటి పలక. వాడు మొదటి అడుగు వేశాడు. పలక వంగింది. కేకు కుడిపక్కకు ఒరిగింది. అలేఖ్య మెడ కుడిపక్కకు వంగింది. వాడు ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటున్నాడు. పైన పంచదార పువ్వు జారుతోంది. ఆమె తనకు తెలియకుండానే గురువుగారి చొక్కా చెయ్యి పట్టుకుంది.

మీరా సాహెబ్ గారు ఆమె వైపు వంగారు.

"ఇక్కడ ఏం వాయిస్తే బాగుంటుందంటావ్?" అని అడిగారు.

అలేఖ్య తెర మీద నుంచి చూపు తిప్పకుండానే పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్!"

మీరా సాహెబ్ గారు చేతులు కట్టుకుని తెర వైపు తిరిగారు.