గూడబాతు కాలి కడియం

కొల్లేటి లంక ఊళ్ళో డ్రాయింగు మాస్టారుగా పనిచేసే పేర్రాజు పక్షుల ఫోటోలు చక్కగా తీసేవాడు గానీ, మెప్పు కోసం మహా తొందరపడేవాడు. దోనె ఒడ్డుకు చేరేలోపే ఫోటోను ఫోన్‌లోకి ఎక్కించి, ఈకలన్నీ సూదుల్లా నిక్కబొడుచుకునేదాకా పదును పెంచేవాడు. తేలిగ్గా వెళ్ళేలా చిన్నది చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఆ తర్వాత చోటు దండగని కెమెరాలోని అసలు ఫోటోను చెరిపేసేవాడు.

"అసలుది ఉండనివ్వరాదా మాస్టారూ?" అనేవాడు దోనె నడిపే సోమయ్య.

"ఇంత మెరిసేది చేతిలో ఉండగా అదెందుకోయ్!" అని నవ్వేసేవాడు పేర్రాజు.

ఒకరోజు నీళ్ళ మధ్యనున్న దిబ్బ మీది చెట్టుపై, గూట్లో నిలబడ్డ సంచి ముక్కు గూడబాతు కనిపించింది. దాని కాలికి అంకెలున్న పసుపు కడియం ఉంది. ఆ ఫోటోకి గ్రూపులో చప్పట్లే చప్పట్లు. మాస్టారికి ఆ పూట అన్నం కూడా గుర్తురాలేదు.

మర్నాడు పక్షుల మీద పరిశోధన చేసే అరుంధతి ఫోన్ చేసింది. "మాస్టారూ, ఆ దిబ్బ మీది చెట్లు కొట్టేసి చేపల చెరువు తవ్వుతామని కొందరు అంటున్నారు. అక్కడివన్నీ దారిన పోయే పక్షులేనట! ఆరేళ్ళ కిందట అక్కడ పుట్టిన పిల్లల కాళ్ళకి ముప్ఫై నుంచి నలభై దాకా నంబర్లున్న కడియాలు వేశాం. ఇది వాటిలో ఒకటైతే, పుట్టిన చోటికే వచ్చి గూడు కట్టిందని తేలి చెట్లు దక్కుతాయి. అసలు ఫోటో పంపండి, శుక్రవారం కలెక్టరు గారికి చూపించాలి."

పేర్రాజు దగ్గర అసలుది లేదు. ఉన్న చిన్న ఫోటోను పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది. పదును పెంచినందుకు అంకెల చుట్టూ లేనిపోని తెల్ల గీతలు పుట్టాయి. ముప్ఫై ఎనిమిదా, ఎనభై ఎనిమిదా?

బొమ్మలు వేసే చెయ్యి కదా, అంకె దిద్దేయడం చిటికెలో పని. వేలు ఫోన్ మీదికి వెళ్ళింది కూడా. కానీ దొంగ అంకెతో ఆ అమ్మాయిని కలెక్టరు ముందు నిలబెట్టడానికి మనసొప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే, "అసలుది నేనే చెరిపేశానమ్మా. మళ్ళీ తీసుకొస్తాను" అన్నాడు.

మూడు రోజులు దోనెలోనే మకాం వేశాడు. గూడబాతు గూట్లోంచి లేస్తే ఒట్టు, కాలి కడియం కనబడితే ఒట్టు!

"పొదిగేది అదా, మీరా మాస్టారూ?" అని సోమయ్య ఆటపట్టించాడు.

గురువారం పొద్దున అది లేచి ఒళ్ళు విదిలించుకుంది. మంచులో ఫోటో కాస్త వెలిసినట్టే వచ్చింది. మాస్టారు దాని జోలికి పోలేదు. కెమెరాలోని కార్డు తీసి జేబులో పెట్టుకుని, బస్సెక్కి వెళ్ళి అరుంధతి చేతికిచ్చాడు. పెద్దది చేసి చూస్తే నంబరు శుభ్రంగా కనిపించింది. ముప్ఫై ఎనిమిది! శుక్రవారం సాయంత్రానికి చెట్లు కొట్టకూడదని ఉత్తర్వు వచ్చింది.

అదే ఫోటో గ్రూపులో పెడితే, "ఈసారి మెరుపు తగ్గిందేంటి మాస్టారూ?" అని ఎవరో అడిగారు.

"పక్షి అలాగే ఉందండీ" అని పేర్రాజు హాయిగా నవ్వాడు.

నలుగురి మెప్పు కోసం మెరుగులు దిద్దే తొందరలో అసలుదాన్ని పారేసుకోకూడదు.