ఎర్రదీపానికి బొట్టు

"ఈ ఎర్రదీపం వెలిగిన రోజే, ఎవరూ గుర్తు చేయనక్కర్లేకుండా, నా చేతులతో నేనే దీని లోపలంతా కడుగుతాను."

ఇంటి పెద్ద ఈ మాట అన్నది కొత్త ఎస్ప్రెస్సో మిషన్‌ని వంటింటి గట్టు మీద నిలబెట్టిన పూట. ఇంట్లోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ మాట నమ్మి, తరాల నాటి ఇత్తడి ఫిల్టరును స్టీలు సామాన్లవాడికి ఇచ్చేసి ఒక ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నారు.

ఆ ఊరి నీళ్ళు రాతిని తొలుచుకుని వస్తాయి. ఏ గిన్నెలో కాచినా అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. మిషన్ కడుపులోనూ పేరుకుంది. ఒక పొద్దున ఎర్రదీపం వెలిగింది.

"వెలిగింది బావగారూ," అంది చిన్నకోడలు. ఇంటి పెద్ద తమ్ముడి భార్య ఆమె. ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపేది ఆమే.

"చూశానమ్మాయ్. ఆదివారం చేద్దాం."

ఆదివారం వచ్చింది. ఆయనకి తలనొప్పి వచ్చింది. ఆ పై ఆదివారం చుట్టాలొచ్చారు. దీపం వెలుగుతూనే ఉంది. కాఫీ దారంలా సన్నగా, గోరువెచ్చగా, కషాయమంత చేదుగా దిగడం మొదలుపెట్టింది. మీట నొక్కితే లోపల ఎవరో బండరాయి ఈడుస్తున్నట్టు మూలుగు.

మనుషులు దేనికైనా అలవాటు పడతారు. అలవాటు పడ్డాక దానికో మంచి పేరు పెడతారు. "చేదైతేనే ఒంటికి మంచిది," అన్నాడు బాబాయి. అభిప్రాయాలు చెప్పడం తప్ప ఆ ఇంట్లో ఆయనకి వేరే పని లేదు. "సన్నగా దిగితేనే చిక్కదనం," అంది ఇంటి పెద్ద భార్య, పెద్దకోడలు.

మిషన్ ఎదుట రోజూ నిలబడేది చిన్నకోడలు కనుక, పాలు నురగ కట్టించే ఆవిరి గొట్టం గుణం ఆమెకే తెలుసు. నాబ్ తిప్పితే అది కాసేపు ఊపిరి బిగబట్టేది. ఉన్నట్టుండి సున్నపు పెళ్ళ ఊడి, మరిగే నీళ్ళు ఒక పక్కకి చిమ్మేవి. మొదటిసారి తప్పించుకుంది. రెండోసారి మణికట్టు కాలింది.

"నీకు నిదానం తక్కువే," అంది పెద్దకోడలు, బొబ్బ మీద తేనె రాస్తూ.

"నిదానంగానే తిప్పానక్కయ్యా. ఆవేశం దానిది."

అప్పటినుంచి చిన్నకోడలికి ఒకచోట కాలు నిలిచేది కాదు. కూర తరుగుతూ తల తిప్పి గట్టు వైపు చూసేది. స్నానానికి వెళ్ళి, సగంలో నీళ్ళు ఆపి, ఆ మూలుగు వినిపిస్తోందేమోనని చెవి పెట్టేది. మిగతావాళ్ళంతా ప్రశాంతంగా ఉన్నారు. కాలే చెయ్యి తమది కానప్పుడు ప్రశాంతత చాలా చవక.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఇంటి పెద్ద తలంటుకుని, పట్టుపంచె కట్టుకుని, మిషన్ బయటంతా అద్దంలా తుడిచాడు. పసుపు రాశాడు. చేమంతి దండ వేశాడు. బొట్టు పెట్టడానికి దాని ముఖం మీద గుండ్రంగా ఒక్కటే చోటు కనిపించింది. ఎర్రదీపం. తడి కుంకుమ తీసి దాని మీద దట్టంగా అద్దాడు. నిమ్మకాయ కోసి, చెక్కలకి కుంకుమ పూసి, అటొకటి ఇటొకటి పెట్టాడు.

"ఎంత కళ వచ్చిందో!" అన్నాడు బాబాయి. "దీపం కూడా ఆరిపోయింది, చూశారా?"

ఆయన వేళాకోళానికి అనలేదు. విన్నవాళ్ళూ నవ్వలేదు. అందరూ చేతులు జోడించారు.

సున్నం పట్టిన గిన్నెని నిమ్మచెక్కతో తోమని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఆ నిమ్మకాయ చేయాల్సిన పని మిషన్ లోపల ఉంది. దాన్ని తెచ్చి బయట కాపలాకి కూర్చోబెట్టారు. కడగడం కన్నా మొక్కడం సులువు. చేతులకి మురికి అంటదు, జవాబు చెప్పే పనీ ఉండదు. పెద్దరికాలన్నీ బతికేది ఈ సులువు మీదే.

చిన్నకోడలు ఒక చెక్క చేతిలోకి తీసుకుంది. "ఇవి పిండి, వడకట్టి, నీళ్ళలో కలిపి లోపల పోద్దాం. కాసేపు నాననిచ్చి వదిలేసి, మంచినీళ్ళు రెండు మూడు విడతలు పారిస్తే సరి. చాలకపోతే డబ్బాలో నిమ్మఉప్పు ఉంది."

"పూజలో పెట్టింది పిండుతావా?" పెద్దకోడలు చెంపలు వేసుకుంది.

"నిన్నటిదాకా అది వస్తువమ్మాయ్," అన్నాడు ఇంటి పెద్ద మెత్తగా. "ఇవాళ పూజ అందుకుంది. దాన్ని అనుమానిస్తే ఈ ఇంటిని అనుమానించినట్టే."

"ఇంటి మాట నేనెత్తలేదు బావగారూ. నేను గొట్టం సంగతి చెప్తున్నాను."

"అబ్బో, మిషన్‌లో కన్నా ఈవిడలోనే ఆవిరెక్కువ," అన్నాడు బాబాయి. ఆమె మొగుడు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

పండగ వెళ్ళిపోయింది. బొట్టు మాత్రం రోజూ కొత్తగా పడుతూనే ఉంది. ఒక ఉదయం గొట్టం మళ్ళీ చిమ్మింది. ఈసారి అరచేతి నుంచి మోచేతి దాకా కాలింది. ఆమె తల పక్కకి తిప్పబట్టి సరిపోయింది. లేకపోతే కళ్ళే పోయేవి.

మర్నాడు అందరూ కాఫీ కోసం వంటింట్లో చేరేసరికి ఆమె గట్టుకి దూరంగా, కట్టు కట్టిన చేతితో నిలబడి ఉంది.

"ఇక నేను తిప్పను."

"దానిలో లోపమేం లేదని చెప్తున్నానుగా!" అన్నాడు ఇంటి పెద్ద.

"లేకపోతే మీరు తిప్పండి. పాలు అక్కడే ఉన్నాయి."

"ఓస్, అంతేనా!" ఆయన నవ్వుతూ లేచాడు. మిషన్ దాకా నడిచాడు. దాని ఎదురుగా నిలబడలేదు. ఎడమపక్కకి జరిగాడు. భుజం మీది కండువా తీసి కుడిచేతికి మోచేతి దాకా చుట్టుకున్నాడు. ముఖం గోడవైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం నాబ్ వైపు చాచాడు.

వాళ్ళలో ఎవరూ చూడగా ఆయన ఆ నాబ్‌ని ముట్టుకున్నది లేదు. నీళ్ళు కుడివైపుకే చిమ్ముతాయని ఆమె ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు.

ఆమె మొగుడి పేపరు మెల్లగా కిందికి దిగింది. గోడవైపు తిరిగిన ముఖం ఇటు తిరగలేదు. చాచిన చెయ్యి నాబ్‌ని తాకకుండానే గాల్లో ఆగిపోయింది.

"కడుగుతారా లేదా అని ఇక అడగను," అంది చిన్నకోడలు. "ఒక్కటి చెప్పండి బావగారూ. అది ఎటు చిమ్ముతుందో మీకెప్పటి నుంచి తెలుసు? నా మణికట్టు కాలకముందు నుంచా, కాలినప్పటి నుంచా? ఇక్కడే, వీళ్ళందరి ముందే చెప్పాలి. ఇవాళే చెప్పలేకపోతే, నవంబరు పదిహేనో తేదీ దాకా ఆగుతాను."