కుక్కగొడుగులు లేచిన పొద్దు

ఆశ్రమానికి వచ్చిన రోజునే హైమ తన కెమెరా తీసి అమ్మగారి ముందు పెట్టింది.

"దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండమ్మా. నాకు వద్దు."

అమ్మగారంటే కృపమ్మగారు. నర్సీపట్నం దాటాక కొండ మొదట్లో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి పెద్ద దిక్కు. వయసు డెబ్భై దాటినా నడక చురుకు, మాట పొదుపు. ఆవిడ కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బరువుగానే ఉంది. ఎందుకొద్దూ?"

హైమ చాలాకాలం ఓ పత్రికలో ఫొటోగ్రాఫరుగా పనిచేసింది. తుఫానులకీ తిరునాళ్ళకీ అందరికంటే ముందు వెళ్ళేది. మంచి పేరు కూడా తెచ్చుకుంది. అలాంటి మనిషి నేల చూపులు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది.

"మా నాన్న పోయాడమ్మా. పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను. ఇంతలో కిటికీలోంచి ఆయన నుదుటి మీద వెలుతురు పడింది. ఎంత బాగుందో అనుకున్నాను. అంత ఏడుపులోనూ! మనిషన్నవాళ్ళు అలా అనుకుంటారా?"

అమ్మగారు కెమెరా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచీ హైమ కష్టపడుతూనే ఉంది. అందరికంటే ముందు లేచేది. ప్రార్థనకు ఏనాడూ ఆలస్యం కాలేదు. కానీ కళ్ళు మూసుకుంటే చాలు, ఎక్కడో చూసిన వెలుతురో, ఏ గోడ మీదో పడ్డ నీడో ముందుకొచ్చి నిలబడేది. తరిమేది. మళ్ళీ వచ్చేది. కెమెరా పోయింది గానీ కన్ను పోలేదు.

శ్రావణం మొదట్లో ముసురు పట్టింది. రాత్రంతా కురిసి కురిసి, ఓ పొద్దున వాన సన్న తుంపరలోకి దిగింది. ప్రార్థన గంట మోగేసరికి అందరూ హాల్లో కూర్చున్నారు. అమ్మగారు మాత్రం రాలేదు. హైమ చోటు కిటికీ పక్కన. ఆ కిటికీలోంచి పెరడంతా కనిపిస్తుంది.

కళ్ళు మూసుకోబోతూ ఒక్కసారి అటు చూసింది.

పెరడు నిండా కుక్కగొడుగులు! నిన్న సాయంత్రం అక్కడ ఒక్కటీ లేదు. పనస మొద్దు చుట్టూ నారింజ రంగులో చెవుల్లా విచ్చుకుని కొన్ని. అరటి బోదెల కింద పేలాలు చల్లినట్టు బుల్లి బుల్లివి కొన్ని. పెంటకుప్ప మీద పొడుగు కాళ్ళవి, తెల్ల టోపీలు పెట్టుకుని గుంపుగా నిలబడ్డాయి. తుంపరలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండకు ఒక్కొక్కటీ లోపల దీపం పెట్టినట్టు వెలుగుతోంది.

హైమ గట్టిగా కళ్ళు మూసుకుంది. చూడకూడదు. పాదాల వేళ్ళు మాత్రం వాటంతటవే కదులుతున్నాయి.

బయట ఏదో చప్పుడైంది. కళ్ళు తెరిచింది.

పెరట్లో అమ్మగారు! చీర కుచ్చిళ్ళు పైకి దోపి, బురదలో నిలబడి ఉన్నారు. మెడలో హైమ కెమెరా. దాన్ని తలకిందులుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, పనస మొద్దు వైపు గురిపెట్టారు. నొక్కారు. ఏమీ కాలేదు. కెమెరాను ఊపి చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మళ్ళీ గురిపెట్టి వెనక్కి ఓ అడుగు వేశారు. ఆ వెనకే, మట్టిని చీల్చుకుని అప్పుడే తల ఎత్తిన లేత గొడుగుల గుంపు.

ఇంకో అడుగు వేస్తే నలిగిపోతాయి.

"అమ్మా, ఆగండి!"

ప్రార్థన హాలు ఉలిక్కిపడింది. అప్పటికే హైమ గుమ్మం దాటేసింది.

"ఏటే, అలా పరిగెత్తుకొచ్చావ్?" అన్నారు అమ్మగారు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి. "ఇది ఎంత నొక్కినా పలకదేం?"

"మూత తియ్యలేదమ్మా! తిరగేసి పట్టుకున్నారు కూడా. ఇటివ్వండి!"

లాక్కున్నంత పని చేసింది. చేతుల్లోకి వచ్చాక గానీ ఆ బరువు ఎంత అలవాటైనదో తెలియలేదు. మూత తీసి చూసింది. లెన్సు మీద మచ్చ లేదు. బ్యాటరీ నిండా ఉంది.

"ముసురుకి బూజు పడుతుందని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. కరెంటు కూడా పెట్టించాలిట కదా, పెట్టించాను" అన్నారు అమ్మగారు, పెద్ద విషయమేమీ కానట్టు.

హైమ వినిపించుకునే స్థితిలో లేదు. బురదలో బోర్లా పడుకుంది. గడ్డం నేలకు ఆనింది. అక్కణ్ణుంచి చూస్తే అవి గొడుగులు కావు, మండపాలు! ఒకదాని కింద సన్నటి మడతలు విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి. మడతల మధ్య ఆవగింజంత నత్త పాకుతోంది. ఊపిరి బిగపట్టి నొక్కింది.

"అమ్మా, నత్త! ఇంత చిన్నది! చూడండి, దాని కొమ్ములు కూడా పడ్డాయి!"

"ఏదీ, ఏదీ?" అంటూ అమ్మగారు కూడా మోకాళ్ళ మీద కూలబడ్డారు. "ఓసోస్, ఎంత సోకో!"

తుంపర చినుకులుగా మారింది. ఎక్కణ్ణుంచి తెచ్చారో, అమ్మగారు పాత నల్ల గొడుగు తెరిచి హైమ తల మీద, కెమెరా మీద పట్టారు. ఆవిడ వీపంతా తడిసిపోతోంది. ఇద్దరూ పనస మొద్దు నుంచి అరటి చెట్ల దగ్గరికి, అక్కణ్ణుంచి పెంటకుప్ప దగ్గరికి పాకారు. హైమ మోచేతులు దోక్కుపోయాయి. చీర ఏ రంగుదో చెప్పడానికి వీల్లేదు.

పెంటకుప్ప మీది గుంపులో ఒకటి అప్పుడే వాడిపోతోంది. టోపీ అంచులు నల్లబడి, సిరాలా కరిగి, బొట్టు బొట్టుగా జారుతున్నాయి. ప్రతి బొట్టులోనూ ఇంత ఆకాశం.

"అయ్యో, ఇది పోతోందమ్మా" అంది హైమ. ఆ ఊపులోనే, "ఎంత బాగుందో చూడండి!" అనేసింది.

అన్నాక, తన మాట తనకే వినిపించింది.

వేలు ఆగిపోయింది. కళ్ళు నిండి, ఎదురుగా ఉన్నదంతా మసకైపోయింది.

అమ్మగారు గొడుగును కాస్త దగ్గరికి జరిపారు. హైమ భుజం మీద చెయ్యి వేయలేదు. ఓదార్చలేదు.

"తియ్యమ్మా. కరిగిపోతంది" అన్నారు మెల్లగా.

హైమ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. చెంగుకున్న బురద మొహానికంటింది. మళ్ళీ కెమెరా కంటికి ఆనించి, ఏడుస్తూనే, నల్లబొట్టు జారే దాకా చూసి నొక్కింది.

చాలాసేపటికి హాల్లోంచి మనుషుల మాటలు వినిపించాయి. అందరూ బయటికి వస్తున్నారు. హైమ గబుక్కున లేచి కూర్చుంది.

"అమ్మా, ప్రార్థన తప్పిపోయింది!"

"ఎవరన్నారు?" అని అమ్మగారు గొడుగు పెరటి చివర వైపు తిప్పారు. "లే, గోడ వార ఇంకా చూళ్ళేదు మనం."