ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డ లూకాసు

"'ఆ కుర్చీ మనది కాదు, మనం దానికి కాపలా వాళ్ళం' అన్నాడు మొదటి రాజు. మర్చిపోయారా?" అని అరిచాడు చిన్నవాడు లూకాసు.

"మొదటి రాజు పోయి ఎన్ని తరాలైందిరా? ఇంకా ఆయన మాటే పట్టుకుని వేలాడతావేంటి?" అన్నాడు పెద్దన్న బసీలు.

"ఖాళీ కుర్చీకి రోజూ దుమ్ము దులపడం తప్ప ఏముంది మనకి?" అని నవ్వాడు నడిపన్న మనుయేలు.

ఏ కుర్చీ అంటారా? చెప్తా, దగ్గరికి జరగండి.

ఎప్పుడో చాలా కాలం కింద, సముద్రం ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. రాజు కాకముందు పడవ నడుపుకునేవాడు. యేసుప్రభువుని నమ్ముకున్నవాడు. ఒడ్డున పట్నం కట్టాడు, పట్నం మధ్యలో చర్చి కట్టాడు. ఆ చర్చి గుమ్మటం మీద ఎండ మెరిస్తే, అది చూసుకుని పడవలు దారి పట్టేవి. తర్వాత రెండు కుర్చీలు చేయించాడు. ఎడమ కుర్చీ తనకి. కుడి కుర్చీ ప్రభువుకి.

"ఆయన తిరిగొస్తానన్నాడు. వచ్చేదాకా ఈ రాజ్యాన్ని నేను చూసుకుంటా" అన్నాడు.

ఒక ఆనవాయితీ కూడా పెట్టాడు. కష్టమొచ్చినవాళ్ళు ఎవరైనా సరే ఆ ఖాళీ కుర్చీ ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. చెప్పినంతసేపూ రాజు లేచి నిలబడాలి. మధ్యలో నోరెత్తకూడదు. చేపలమ్మే ఆవిడొచ్చినా అంతే, సేనాపతి వచ్చినా అంతే.

ఈ మాట విని ఒక ఊరొచ్చి కలిసింది. ఒక దీవొచ్చి కలిసింది. ఒక దేశమే వచ్చి కలిసింది. అట్లా రాజ్యం పెరిగింది.

తర్వాత ఒక రాజుకి కాళ్ళు నొప్పెట్టాయి, కూర్చునే విన్నాడు. ఆయన కొడుక్కి విసుగొచ్చింది, సగం విని పంపేశాడు. ఆయన కొడుకే లూకాసు వాళ్ళ నాన్న. ఆయన దగ్గరికి ఒక మంత్రగాడొచ్చి, "మీకెందుకు ప్రభూ ఈ శ్రమ? ఆ కుర్చీలో నేను కూర్చుని వింటాగా" అన్నాడు. రాజు సరేనన్నాడు.

గొడవ అదే. లూకాసు ఒప్పుకోలేదు. "నా కళ్ళ ముందుండకు, పో" అని తండ్రి వాణ్ణి ఊరవతల దీపస్తంభం దగ్గరికి కాపలాకి పంపేశాడు.

అక్కడ వాడు ఒక్కడే. కొన్నాళ్ళకి పడవలు రావడం మానేశాయి. చర్చి గంటలు మోగుతున్నాయి గానీ పాట వినపడట్లేదు. ఏమైందోనని ఊళ్ళోకొచ్చాడు. పాలమ్మే ఆవిడ నోరు కదుపుతోంది, శబ్దం లేదు. అన్నలు పోట్లాడుకుంటున్నారు, శబ్దం లేదు. అమ్మ వాటేసుకుని ఏదో చెప్పింది. పెదాలు కదిలాయంతే.

అంత పెద్ద పట్నంలో వాడి గొంతొక్కటే వాడికి వినపడేది.

రేవులో ఒక ముసలి తాబేలు తలెత్తింది. "అబ్బాయ్, ఆ కుర్చీ ముందు నోరు తెరిచినవాళ్ళ గొంతులన్నీ మంత్రగాడు లాగేసుకున్నాడు. ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో దాచాడు. వాడి ప్రాణం కూడా అందులోనే ఉంది."

"అయితే దాని మెడ నులిమేస్తా!"

"నులుము. గొంతులు కూడా పోతాయి."

"మరేం చెయ్యాలి?"

"నాకేం తెలుసయ్యా, తాబేలుని. ఎక్కు. కానీ దారంతా కబుర్లు చెప్పాలి. నాతో ఎవరూ మాట్లాడరు."

మొదటి సముద్రంలో అమ్మ కబుర్లు చెప్పాడు. రెండో సముద్రంలో అన్నల కబుర్లు చెప్పాడు. మూడో సముద్రంలో దీపస్తంభం కబుర్లు చెప్పాడు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మిగిలిన నాలుగూ నీళ్ళ చప్పుడే.

ఏడో సముద్రం అవతల ఒక దీవి. అక్కడ ఎండిన చెట్టు మీద చిలక కూర్చునుంది. లూకాసు చెయ్యి చాపాడు. "తిన్నావా నాన్నా?" అంది చిలక, అచ్చం అమ్మ గొంతు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చాపాడు. "ఒరేయ్ చిన్నోడా" అంది, బసీలు గొంతు. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి చాపాడు. ఎవరో తెలీని అమ్మాయి గొంతు: "ఉండండి, నేను చెప్పేది ఇంకా అయిపోలేదు!"

లూకాసు చెయ్యి కిందికి దించేశాడు. అందరివీ సగంలో ఆగిపోయిన మాటలే కదా! ఒక రాయి దొర్లించుకొచ్చి కుర్చీలా వేశాడు. దాని పక్కన నిలబడ్డాడు.

"చెప్పండి. నేను నిలబడే ఉన్నా."

ఒక్కో గొంతూ తన కష్టం చివరిదాకా చెప్పుకుని, ఇంటిదారి పట్టి ఎగిరిపోయింది. ఏళ్ళు పట్టింది. గడ్డం నడుం దాకా పెరిగింది. ఆఖరికి చిన్నపిల్లాడి గొంతొకటి మిగిలింది. "నేను మీ తాత దగ్గరికొచ్చా. మా అమ్మకి జబ్బని చెప్తుంటే సగం విని పంపేశాడు." మంత్రగాడి చిన్నప్పటి గొంతే. లూకాసు ఆ మిగతా సగం కూడా విన్నాడు. చిలక తేలికై, మామూలు చిలకలా ఎగిరిపోయింది. అదే గడియలో అక్కడ పట్నంలో మంత్రగాడు పోయాడు. కుర్చీలో బట్టలే మిగిలాయి.

తిరిగొచ్చేసరికి పట్నం మీద వేరే జెండా ఉంది. గుమ్మటం ఉంది, దాని కింద వేరే భాష. నోరులేని రాజ్యం సాయం అడగలేక ఎప్పుడో చేజారిపోయింది. జనం పడవలెక్కి తలో దిక్కూ వెళ్ళిపోయారు.

"మా అమ్మ?"

"గొంతొచ్చాక ఈ ఒడ్డునే నిలబడి నిన్ను పిలిచేదంట, పోయేదాకా" అంది తాబేలు.

లూకాసు రేవు రేవునా తిరిగాడు. ఒక చిన్న దీవిలో, రొట్టెల పొయ్యి దగ్గర ఎవరో బేరగాడి మీద కేకలేస్తున్నారు: "ఉండండి, నేను చెప్పేది ఇంకా అయిపోలేదు!"

ఆ గొంతే! ఆవిడ పేరు ఈరిని. రొట్టె పెట్టింది. బల్ల దగ్గర ఒక పీట ఖాళీగా ఉంది.

"అదెవరికి?"

"ఏమో. మా పట్నం నించి వచ్చినవాళ్ళు ఎక్కడున్నా వేస్తారు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే లేచి నిలబడతారు."

లూకాసు మొహం తిప్పుకుని ఏడ్చాడు. ఈరిని లేచి నిలబడింది.

ఇద్దరికీ పెళ్ళైంది. లూకాసు నిలబడి వినడం చూసి దీవి జనం ఆయన్నే రాజుని చేసుకున్నారు. రెండు కుర్చీలేసుకుని చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. అప్పుడప్పుడు ఒడ్డుకెళ్ళి "తిన్నానమ్మా" అని నీళ్ళతో చెప్పేవాడంట.

ఇంతసేపూ మీరు నా మాట విన్నారు. ఇప్పుడు ఆ కుడి కుర్చీ ముందు మీరు నిలబడ్డారనుకోండి. ఎవరూ చివరిదాకా వినని ఏ మాట చెప్తారు?